రెండు కొసలూ ఒకే పెట్టెలో... ఆఫీసంతా బంద్!

* నెట్‌వర్క్‌ను కూలదోసే 'లూప్' ఎలా పుడుతుంది... ఎలా ఆపాలి
* ఎక్కడ ఏ కేబుల్ వాడాలి... ఎండకు, బొగ్గు ధూళికి ఏది నిలుస్తుంది

చంద్రపూర్: ఉదయం పదకొండు గంటలు. సేవా కేంద్రం ముందు చాంతాడంత వరస. రాజురా వైపు నుంచి వచ్చిన రైతుకు సాత్‌బారా కాగితం కావాలి. బల్లార్‌పూర్ నుంచి వచ్చిన తల్లికి కూతురి అడ్మిషన్ కోసం కుల ధ్రువపత్రం కావాలి. ఘుగ్గూస్ గని కార్మికుడికి ఆదాయ ధ్రువపత్రం కావాలి. లోపలి నుంచి వచ్చే జవాబు మాత్రం ఒక్కటే... 'సర్వర్ డౌన్ ఆహే, ఉద్యా యా!' రేపు రమ్మన్నారంటే ఈరోజు కూలి పోయినట్టే. బస్సు చార్జీలు అదనం.

ఇది ఫలానా ఆఫీసు సంగతని కాదు. బ్యాంకయినా, ఆసుపత్రి ఓపీ చీటీల కౌంటరయినా, కాలేజీ ఫీజుల కిటికీ అయినా జిల్లా వాసులకు అలవాటైన దృశ్యమే. నెపమంతా ఎక్కడో నాగపూర్‌లోనో, ముంబయిలోనో ఉన్న సర్వర్ మీదికి పోతుంది. నిజంగానే అక్కడ లోపం ఉండొచ్చు. రోడ్డు తవ్వకంలో బయటి లైను తెగి ఉండొచ్చు. కానీ కొన్నిసార్లు సర్వర్ నిక్షేపంగా ఉంటుంది. బయటి లైనూ బాగానే ఉంటుంది. జబ్బు ఆ గదిలోనే, బల్ల కింద, మూరెడు వైరులో ఉంటుంది.

గది ఊడ్చేటప్పుడు ఒక నీలం వైరు కొస వేలాడుతూ కనిపిస్తుంది. ఎవరో మంచికే అనుకుని దాన్ని ఖాళీగా ఉన్న రంధ్రంలో 'టక్'మని పెడతారు. ఆ వైరు రెండో కొస అప్పటికే అదే పెట్టెలో ఉందని వారికి తెలియదు. కాసేపట్లోనే పెట్టె మీది లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు మిణుకుమంటాయి. కంప్యూటర్లు బిగుసుకుపోతాయి. ప్రింటర్ కదలదు. ఐపీ ఫోన్ మోగదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా ఫలితం ఉండదు. దీన్నే నెట్‌వర్క్ పనివాళ్లు 'లూప్' అంటారు. జానెడు వైరు వందమంది పనిని ఆపేసే తీరు ఇది.

బల్లార్షా లూప్ లైను వేరు

బల్లార్షా స్టేషన్ తెలిసినవారికి లూప్ లైను కొత్త మాట కాదు. ఎక్స్‌ప్రెస్ ముందుకు పోవాలంటే గూడ్సు బండిని పక్క లైనులోకి తప్పిస్తారు. ఆ పక్క లైను రెండు కొసలూ మెయిన్ లైనులోనే కలుస్తాయి. అయినా ముప్పు ఉండదు. ఎందుకంటే పాయింట్లు ఉన్నాయి, సిగ్నల్ ఉంది. ఏ బండి ఏ లైనులో పోవాలో ముందే తేలిపోతుంది. కంప్యూటర్ల నెట్‌వర్క్‌లో అలాంటి సిగ్నల్ లేకపోతే ఏమవుతుందన్నదే అసలు చిక్కు.

ఆఫీసు గోడకో, ర్యాకులోనో వరసగా రంధ్రాలతో కనిపించే పెట్టె పేరు స్విచ్. లైటు వేసే స్విచ్ కాదు, కంప్యూటర్లను కలిపేది. ఎనిమిది రంధ్రాలవి, ఇరవై నాలుగువి, నలభై ఎనిమిదివి ఉంటాయి. ప్రతి కంప్యూటర్‌కూ తయారీలోనే ఒక నంబరు వస్తుంది. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. ఏ నంబరు ఏ రంధ్రం వైపు ఉందో స్విచ్ గమనించి పట్టికలో రాసుకుంటుంది. తర్వాత ఆ కంప్యూటర్‌కు వచ్చిన ఉత్తరాన్ని ఆ రంధ్రంలోకే పంపుతుంది. ఊరి పోస్ట్‌మాన్ చేసే పనే ఇది.

కొన్ని ఉత్తరాలు మాత్రం ఒకరికి కాదు, అందరికీ. 'ఫలానా ప్రింటర్ ఎవరు? పలకండి' అని కంప్యూటర్ కేకేస్తుంది. దాన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. మన భాషలో దండోరా. అది వచ్చిన రంధ్రం తప్ప మిగతా అన్ని రంధ్రాల్లోకీ స్విచ్ దాన్ని పంపుతుంది. మామూలుగా అయితే అందరికీ చేరి అక్కడితో ఆగిపోతుంది.

ఆగని దండోరా

లూప్ ఉంటే ఆగదు. ఒక రంధ్రంలోంచి బయటికెళ్లిన దండోరా వైరు రెండో కొస నుంచి మళ్లీ అదే స్విచ్‌లోకి వస్తుంది. స్విచ్‌కు అది కొత్తదానిలా కనిపిస్తుంది. మళ్లీ అన్ని రంధ్రాల్లోకీ వేస్తుంది. అది మళ్లీ తిరిగొస్తుంది. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి తిరుగుతూనే ఉంటాయి. రెండు స్విచ్‌ల మధ్య మూడు వైర్లుంటే ఇంకా ఘోరం. తిరిగిన ప్రతిసారీ ప్రతులు రెట్టింపవుతాయి.

ఇంటర్నెట్ ప్యాకెట్‌కు 'టీటీఎల్' అనే ఆయుష్షు రాసి ఉంటుంది. రౌటర్ దాటిన ప్రతిసారీ అందులో ఒకటి తగ్గుతుంది. సున్నాకు వస్తే ప్యాకెట్‌ను పారేస్తారు. స్విచ్‌ల మధ్య తిరిగే ఈథర్నెట్ ఫ్రేముకు ఆ ఆయుష్షు లేదు. చావు లేని ఉత్తరం అది. ఎవరో వైరు పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఎంత వేగంగా? సెకనుకు 100 మెగాబిట్ల లైనులో అతి చిన్న ఫ్రేములు సెకనుకు 1,48,810 దాకా పోగలవు. గిగాబిట్ లైనులోనైతే 14,88,095. ఆ లెక్కన దండోరాలు మీద పడితే ప్రతి కంప్యూటరూ 'ఇది నాకేనా' అని చూసుకోవడానికే సతమతమవుతుంది. లైను నిండిపోయి అసలు పనికి చోటుండదు. పైగా స్విచ్‌కు మతి పోతుంది. ఒకే నంబరు ఒక క్షణం ఈ రంధ్రం నుంచి, మరుక్షణం ఆ రంధ్రం నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది. తన పట్టికను కొట్టేస్తూ, తిరగరాస్తూ ఉండిపోతుంది. దీన్నే 'బ్రాడ్‌కాస్ట్ తుపాను' అంటారు.

లూప్ పడటానికి ఇంకా దారులున్నాయి. ఐపీ ఫోన్ వెనక రెండు రంధ్రాలుంటాయి. ఒకటి గోడ సాకెట్‌కు, రెండోది కంప్యూటర్‌కు. రెండూ గోడకే పెడితే లూపే. రెండు గదుల స్విచ్‌ల మధ్య ఒక వైరుండగా 'స్పీడు పెరుగుతుంది' అని ఏ సెట్టింగూ చేయకుండా ఇంకొకటి లాగినా లూపే.

బోస్టన్‌లో నాలుగు రోజులు కాగితాల మీదే

ఇదంతా చిన్న ఆఫీసుల గొడవ అనుకుంటే పొరపాటు. అమెరికాలోని బోస్టన్ నగరంలో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ అనే పెద్దాసుపత్రి ఉంది. హార్వర్డ్ వైద్య విద్యాలయానికి బోధనాసుపత్రి. కంప్యూటర్ల వాడకంలో ముందున్నదని పేరు. 2002 నవంబరు 13న అక్కడి నెట్‌వర్క్ మొరాయించింది. ఒక పరిశోధకుడి ఫైళ్ల బదిలీ సాఫ్ట్‌వేర్ నుంచి ఊహించనంత డేటా లైన్ల మీద పడింది. ఆ ఒత్తిడికి లూపులను ఆపే ఏర్పాటే తడబడింది. ఒకచోట సర్దితే ఇంకోచోట లేచేది.

లోతుకెళ్తే అసలు కథ తెలిసింది. ఆసుపత్రి పెరిగిన కొద్దీ స్విచ్‌కు స్విచ్ తగిలిస్తూ పోయారు. సాధారణ సెట్టింగులతో ఒక కొస నుంచి ఇంకో కొసకు వరసగా 7 స్విచ్‌లు మించకూడదన్నది లెక్క. అక్కడ ఒకచోట ఆ వరస 10కి చేరింది. ల్యాబ్ రిపోర్టులు, మందుల చీటీలు, రోగుల చరిత్ర అన్నీ కంప్యూటర్‌లోనే చూసుకునే ఆసుపత్రి నాలుగు రోజుల పాటు కాగితం, కలం పట్టింది. రిపోర్టులు చేత్తో మోసుకుంటూ మనుషులు పరుగులు తీశారు. స్విచ్‌ల తయారీ కంపెనీ సిస్కో తన నిపుణులను, కొత్త పరికరాలను హుటాహుటిన పంపింది. నవంబరు 18 నాటికి గానీ పరిస్థితి పూర్తిగా కుదుటపడలేదు.

ఆసుపత్రి సమాచార విభాగం అధిపతి జాన్ హలమ్కా ఈ వైఫల్యాన్ని దాచిపెట్టలేదు. మిగతావాళ్లకు పాఠం కావాలని జరిగిందంతా బయటికి చెప్పారు. 2003లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అనే వైద్య పత్రికలోనూ దీని మీద వ్యాసం వచ్చింది. స్విచ్‌ల గొడవ వైద్య పత్రికకు ఎక్కిందంటే రోగుల ప్రాణాలకు దానితో ఉన్న లంకె ఎంతటిదో తెలుస్తుంది.

చెట్టుకు లూపుండదు

ఇంతకీ లూపులను ఆపే ఆ ఏర్పాటు ఏమిటి? పేరు స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. పొట్టిగా ఎస్‌టీపీ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు 1985లో దీన్ని రూపొందించారు. 1990లో ఐఈఈఈ సంస్థ 802.1డి పేరుతో దీన్ని ప్రమాణంగా తీసుకుంది. తన పద్ధతిని వివరించే పరిశోధన పత్రంలో ఆమె ఒక చిన్న కవిత కూడా రాసి పెట్టడం విశేషం. 2014లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది.

సూత్రం తేలికే. వాకిట్లోని వేపచెట్టును చూడండి. ఏ ఆకు నుంచి ఏ ఆకుకు పోవాలన్నా దారి ఒకటే. కొమ్మలు ఎన్ని చీలినా మళ్లీ ఒకదాంతో ఒకటి కలవవు. కాబట్టి చెట్టులో లూపు ఉండదు. స్విచ్‌ల వైర్లను కూడా అలా చెట్టులా మారిస్తే సరి. అదనపు వైరును పీకెయ్యనక్కర్లేదు. దాన్ని మూసి ఉంచితే చాలు. అసలు దారి తెగితే అప్పుడు తెరవాలి. అంటే బల్లార్షా పాయింట్లు చేసే పనే.

ఈ ఏర్పాటును స్విచ్‌లు తమలో తామే చేసుకుంటాయి. ప్రతి రెండు సెకన్లకోసారి వాటి మధ్య చిన్న చీటీ తిరుగుతుంది. దాని పేరు బీపీడీయూ. అన్నింటిలో తక్కువ నంబరున్న స్విచ్ 'రూట్' అవుతుంది. ఊరికి సర్పంచిలాగ. మిగతావి ఆ రూట్‌కు దగ్గరి దారిని చూసుకుని తెరిచి ఉంచుతాయి. లూపు పడే దారులను మూసేస్తాయి. మూసిన రంధ్రంలో వైరు అలాగే ఉంటుంది. దండోరా మాత్రం దాటదు.

పాత ఎస్‌టీపీలో ఒక దారి తెగితే ఇంకో దారి తెరుచుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన 'ర్యాపిడ్' రకం దాన్ని కొద్ది సెకన్లకు, చాలాసార్లు సెకను లోపునకు తగ్గించింది. ఇప్పుడు కొనే మేనేజ్డ్ స్విచ్‌లలో ఇది ఉంటుంది. ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడమే మన పని.

పాత పెట్టె పెత్తనం

ఆన్ చేశాం కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు. రెండు మెలికలున్నాయి.

మొదటిది రూట్ ఎంపిక. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా స్విచ్‌లన్నింటికీ ప్రాధాన్య నంబరు ఒకటే... 32768. అందరిదీ సమానమైతే మ్యాక్ అడ్రస్ తక్కువున్నది గెలుస్తుంది. అది మూలన పడి ఉన్న పాత స్విచ్ కావచ్చు. ఆఫీసు రాకపోకలన్నీ దాని మీదుగా మళ్లుతాయి. అందుకే నడిమధ్యన ఉన్న బలమైన స్విచ్‌కు 4096, దానికి తోడున్న రెండోదానికి 8192 అని మనమే నంబరివ్వాలి. సర్పంచి ఎవరో, ఉపసర్పంచి ఎవరో ముందే తేల్చేయడమన్నమాట.

రెండోది కంప్యూటర్లు పెట్టే రంధ్రాలు. చెట్టు లెక్క తేలేదాకా అక్కడ అరనిమిషం ఆగకుండా 'పోర్ట్‌ఫాస్ట్' పెడతారు. దానికి తోడుగా 'బీపీడీయూ గార్డ్' కూడా తప్పనిసరి. ఆ రంధ్రంలో ఎవరైనా లూపు వైరు పెడితే, చీటీ తిరిగి రాగానే ఆ ఒక్క రంధ్రం మూతపడుతుంది. వందమంది పని ఆగే బదులు ఒక్కరి పని ఆగుతుంది. 'స్టార్మ్ కంట్రోల్' ఇంకో కట్టడి. దండోరాలు పెట్టిన హద్దు దాటితే పైవాటిని పారేస్తుంది.

మరి బజారులో దొరికే ఐదు, ఎనిమిది రంధ్రాల చౌక పెట్టెల సంగతి? వాటిని 'అన్‌మేనేజ్డ్' అంటారు. చాలావాటిలో ఎస్‌టీపీ ఉండదు. కొన్నింటిలో లూపును పసిగట్టే ఏర్పాటు మాత్రం ఉంటుంది. డబ్బా మీద చదివి కొనాలి. బల్ల కింద ఇలాంటి పెట్టెలు పెరిగే కొద్దీ ముప్పూ పెరుగుతుంది.

ఏ వైరు... ఎక్కడికి?

లూపు లేకపోయినా వైరు నాసిదైతే పని నత్తనడకే. 1980, 90 దశకాల్లో టీవీ కేబుల్‌ను పోలిన కోయాక్సియల్ వైరు ఉండేది. సన్నరకం 185 మీటర్లు, లావురకం 500 మీటర్లు పోయేది. కంప్యూటర్లన్నీ ఒకే వైరుకు దండలో పూసల్లా ఉండేవి. దారం తెగితే దండంతా పోయినట్టు, వైరు ఒకచోట ఊడితే ఆ లైనంతా పడిపోయేది. ఆ బాధ తప్పించిందే ఇప్పటి మెలి జతల వైరు.

తొడుగు విప్పితే ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జతను మెలిపెట్టడం ఊరికే కాదు. బయటి కరెంటు గోల రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొసన తేడా తీసేటప్పుడు అది కొట్టుకుపోతుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే ఈ కిటుకుకు పేటెంట్ తీసుకున్నారు. అందుకే జాక్ బిగించేటప్పుడు మెలికను అతిగా విప్పకూడదు. క్యాట్ 5ఈ వైరుకు 13 మిల్లీమీటర్లు దాటొద్దన్నది ప్రమాణం.

తీగల వరస రెండు కొసలా ఒకటే ఉండాలి. బాగా వాడుకలో ఉన్న 'బి' వరస ఇది... తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. మూడు, ఆరు స్థానాలు ఒకే జతవి కావాలి. తెలియక నాలుగు రంగులూ జోడీలుగా వరసపెట్టి, 'రెండు వైపులా ఒకటే కదా' అనుకుంటే జత చీలిపోతుంది. చిన్న టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి. స్పీడు మాత్రం రాదు.

రకాల సంగతి చూస్తే... క్యాట్ 5ఈ గిగాబిట్ వేగాన్ని 100 మీటర్లు మోస్తుంది. క్యాట్ 6 కూడా అంతే దూరం మోస్తుంది, 55 మీటర్ల లోపయితే పది గిగాబిట్లు కూడా లాగుతుంది. క్యాట్ 6ఏ పది గిగాబిట్లను 100 మీటర్లు మోస్తుంది. క్యాట్ 8 డేటా సెంటర్ల కోసం చేసింది, పూర్తి వేగంతో 30 మీటర్లే పోతుంది. ఇంటికి, దుకాణానికి, చిన్న ఆఫీసుకు క్యాట్ 6 చాలు. పెద్ద నంబరు చూసి ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు.

చూడాల్సింది ఇంకోటి ఉంది. చౌకగా వస్తోందని కొనే వైరులో లోపల అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే ఉండొచ్చు. దీన్ని సీసీఏ అంటారు. నెట్‌వర్క్ కేబుల్ ప్రమాణాలకు ఇది సరిపోదు. బ్లేడుతో గీరితే లోపల వెండి రంగు బయటపడుతుంది. చేతికి తేలిగ్గా ఉంటుంది, రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది. సీసీ కెమెరాలకు ఇదే వైరులోంచి కరెంటు కూడా పోతుంది. 2003 నాటి ప్రమాణంలో 15.4 వాట్లు, 2009లో 30, 2018లో 90 వాట్ల దాకా వెళ్లింది. అంత కరెంటు మోసేచోట సీసీఏ వేడెక్కుతుంది. రాగి వైరే కొనాలి.

ఎండ, ధూళి, పిడుగు

చంద్రపూర్ ఎండ గురించి వేరే చెప్పాలా? మేలో 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. రేకుల కప్పు కింద, ఫాల్స్ సీలింగ్ పైన వేడి ఇంకా ఎక్కువ. వైరు వేడెక్కితే సిగ్నల్ నీరసిస్తుంది. గోడలోంచి వేసే వైరుకు 20 డిగ్రీల దగ్గర 90 మీటర్ల హద్దు. 40 డిగ్రీల దగ్గర అది 84కు, 60 డిగ్రీల దగ్గర 75 మీటర్లకు తగ్గుతుందని కేబులింగ్ ప్రమాణాలే చెబుతాయి. డిసెంబరులో పరీక్షించినప్పుడు బాగున్న లైను మేలో తడబడిందంటే కారణం ఇది కావచ్చు. వైరు పొడవు 75 మీటర్ల లోపే ఉంచుకోవడం మన ఊళ్లకు క్షేమం.

బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లా ఇది. పెద్ద మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు నడిచేచోట కరెంటు గోల ఎక్కువ. అక్కడ రేకు తొడుగున్న షీల్డెడ్ వైరు వాడాలి. దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఎర్తింగ్ లేని తొడుగు ఉన్నా లేనట్టే. కరెంటు వైర్లతో కలిపి ఒకే పైపులో దూర్చకూడదు.

ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు ఆప్టికల్ ఫైబరే మేలు. అది గాజు పోగు. కాంతి తప్ప కరెంటు మోయదు. దగ్గర్లో పిడుగు పడితే రాగి వైరు ఆ దెబ్బను స్విచ్ దాకా తెస్తుంది, గాజు పోగు తేదు. ఫైబర్‌లో రెండు రకాలు. క్యాంపస్ లోపలికి మల్టీమోడ్... ఓఎం3 రకం పది గిగాబిట్లను 300 మీటర్లు తీసుకుపోతుంది. దూరానికి పసుపు తొడుగు సింగిల్‌మోడ్... అదే వేగంతో 10 కిలోమీటర్లు పోవడం దానికి మామూలే.

సింగిల్‌మోడ్‌లో కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 9 మైక్రాన్లు. తల వెంట్రుకలో ఏడెనిమిదో వంతు. బొగ్గు ధూళి రేణువు ఒక్కటి కొస మీద కూర్చున్నా కాంతికి అడ్డమే. బిగించే ముందు ప్రతిసారీ తుడవాలి. మూత తీసి వదిలేయకూడదు. పచ్చ రంగు కొసను నీలం కొసతో కలపకూడదు, వాటి చెక్కుడు కోణం వేరు. వెలుగుతోందా అని కంటితో లోపలికి చూడటం అసలే వద్దు. ఆ లేజరు కంటికి కనిపించదు, కన్ను మాత్రం పాడు చేయగలదు.

పల్లెకు వలయం కావాలి

లూపు చెడ్డదని రెండో దారే వద్దనుకుంటే అదీ తప్పే. పల్లెల ఫైబర్ అనుభవం చెప్పేది అదే. గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. తొలి దశల్లో బ్లాకు కేంద్రం నుంచి చాలావరకు ఒకే గీతలో లైను వేశారు. మధ్యలో ఎక్కడ జేసీబీ పార తగిలినా అవతలి ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో గీత స్థానంలో వలయం వచ్చింది. ఒకవైపు తెగితే ఇంకోవైపు నుంచి సిగ్నల్ అందాలన్నది ఉద్దేశం.

వలయం అంటే రెండు కొసలూ కలిసిన దారి. అంటే కాపలా లేకపోతే లూపే. అందుకే అక్కడ రౌటర్లు దారి ఎంచుకుంటాయి. ఫ్యాక్టరీల్లో, టెలికాం లైన్లలో ఈఆర్‌పీఎస్ అనే వలయ రక్షణ పద్ధతి ఉంది. 2008లో ప్రమాణంగా వచ్చింది. వలయంలో ఒకచోట మూత వేసి ఉంచుతుంది. వేరేచోట తెగితే 50 మిల్లీ సెకన్లలో ఆ మూత తీయడం దాని లక్ష్యం. పేరు ఏదైనా సూత్రం ఒకటే. దారులు రెండుండాలి, తెరిచి ఉండేది ఒకటే కావాలి.

లూపు పడితే... ఇలా చేయాలి

* స్విచ్ లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా మిణుకుమంటున్నాయా? ముందు లూపునే అనుమానించాలి.
* ఆ రోజు కొత్తగా పెట్టిన, జరిపిన వైరు ఏదో అడగాలి. మొదట దాన్నే తీయాలి.
* తెలియకపోతే స్విచ్ నుంచి స్విచ్‌కు పోయే వైర్లను ఒక్కొక్కటిగా తీయాలి. ఏది తీస్తే లైట్లు శాంతిస్తాయో తప్పు ఆ గదిలోనే ఉంది.
* ఆ గదిలో మళ్లీ ఒక్కో రంధ్రం చూసుకుంటూ రావాలి. తీసిన వైరు ఏ రంధ్రానిదో రాసి పెట్టుకోవాలి.

లూపు రాకుండా...

* ప్రతి వైరుకూ రెండు కొసలా ఒకే నంబరు చీటీ అంటించాలి.
* వాడని రంధ్రాలను సెట్టింగుల్లో మూసేయాలి. వాడని వైర్లను తీసి పెట్టెలో వేయాలి, నేల మీద వేలాడనివ్వకూడదు.
* స్విచ్‌లో ర్యాపిడ్ ఎస్‌టీపీ, కంప్యూటర్ రంధ్రాలకు బీపీడీయూ గార్డ్ ఉన్నాయో లేదో చూడాలి. రూట్ ఎవరో మనమే తేల్చాలి.
* ఏ స్విచ్ ఎక్కడుందో, దేనికి కలిసిందో ఒక కాగితం మీద గీసి ర్యాకు తలుపుకు అంటించాలి. నెట్‌వర్క్ పడిపోయినప్పుడు కంప్యూటర్‌లోని బొమ్మ అక్కరకు రాదు.

చివరిగా భాష సంగతి. రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనిదే. గనులతో, కాగితం మిల్లుతో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో. ఆఫీసులో కూర్చునేవారి భాష ఒకటి, ఊడ్చేవారి భాష ఒకటి, వైరు లాగే కుర్రాడి భాష ఇంకొకటి. స్విచ్ మీద మాత్రం హెచ్చరిక ఉంటే గింటే ఇంగ్లిష్‌లోనే. అది చదవలేని మనిషి వేలాడే వైరును రంధ్రంలో పెడితే తప్పు ఆ మనిషిది కాదు. 'హాత్ లావూ నకా' అని మరాఠీలో, 'ముట్టుకోవద్దు' అని తెలుగులో ఒక చీటీ అంటించడానికి ఖర్చేమీ లేదు. కౌంటర్ ముందు నిలబడ్డవారికి 'ఉద్యా యా' వినిపించే కారణాల్లో ఒక్కటైనా దాంతో తగ్గుతుంది.